అంబాసిడరు ఇంజను మార్పిడిని గూర్చి కేంద్ర రవాణా మంత్రివర్యులకు విన్నపము



అయ్యా,

మీ శాఖ పాలించు చట్టములలోని ఒక చిన్న నిబంధనను మీ దృష్టికి తెచ్చుటకై ఈ లేఖను పత్రికాముఖమున వ్రాయుచున్నాను. మీ కార్యాలయమునకే నేరుగా వ్రాసియుండవచ్చును గాని, ఈ విషయము నా యొక్కని యింటి ఆవరణలో నిలిచియున్న ఒక్క కారునకు సంబంధించినది కాదు. విజయవాడ ఆటోనగరునందును, హైదరాబాదు, విశాఖపట్టణముల మరమ్మతు షెడ్లయందును, పాత బండిని తుక్కునకు అమ్ముకొనజాలక, అట్లని మూలపడవేయను మనసొప్పక, అదే కంపెనీవారు తరువాతి కాలమున చేసిన మేలైన ఇంజనును దానికి అమర్చి మఱి కొన్నియేండ్లు నడుపుకొనవలెనని కోరు అనేక గృహస్థులకు సంబంధించినది. వారికి మేస్త్రీలు దొరకుదురు, ఇంజనులు దొరకును, ఓపికయు గలదు. చేసిన పనిని ప్రభుత్వమునకు చూపి, పరీక్షింపజేసికొని, ఆర్.సి.లో వ్రాయించుకొను మార్గమొక్కటియే వారికి దొరకకున్నది.

నా సంగతి రెండు మాటలలో చెప్పెదను. పాలిటెక్నిక్ విద్యార్థులకు యంత్రశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. మా తండ్రిగారి నాటి అంబాసిడరు, 1489 సి.సి. పెట్రోలు ఇంజను గలది, నేటికిని మా యింట నున్నది. దాని ప్రక్కనే, కొయ్యదిమ్మెలపై, తుక్కునకు పోయిన తరువాతి కాలపు అంబాసిడరునుండి పత్రములతో సహా కొన్న 1817 సి.సి. ఇసుజు ఇంజను, ఎం.పి.ఎఫ్.ఐ. పద్ధతి గలది, తన అయిదు గేర్ల పెట్టెతో గోనెపట్టా క్రింద వేచియున్నది. మౌంటింగులు సిద్ధము, కొలతలు సిద్ధము. దానిని బండిలోనికి మాత్రము దింపలేదు. చట్టము ఒప్పుకొనని పనిని చాటుగా చేసి, ఆపైన ప్రతి తనిఖీకిని జంకుచు తిరుగుట నాకు సమ్మతము కాదు.

అంబాసిడరు చరిత్రను మీకు వివరింప నక్కఱలేదు గాని, నా వాదమంతయు ఆ చరిత్రపైననే నిలిచియున్నది గనుక కొంత చెప్పక తప్పదు. ఇంగ్లండులో మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణిగా పుట్టిన కారును హిందుస్థాన్ మోటార్సువారు కలకత్తా సమీపమునందలి ఉత్తరపాడా కర్మాగారమునకు తెచ్చి, 1950ల చివరినుండి 2014 వఱకు, అనగా అర్ధశతాబ్దికి మించిన కాలము, ఇంచుమించు అదే యాకారముతో చేసి అమ్మిరి. మొదట దానిలో నున్నది సైడ్ వాల్వు ఇంజను. కొద్దికాలమునకే దానిని విడిచి, వాల్వులు హెడ్డుమీద నుండు 1489 సి.సి. బి.ఎం.సి. ఇంజనును పెట్టిరి; ఆ పిమ్మట అదే వంశపు డీజిలు ఇంజను వచ్చినది; 1990లలో, అంతకుముందే కాంటెస్సా కారులో వాడుకకు నిలిచిన ఇసుజు వారి 1817 సి.సి. పెట్రోలు ఇంజనును, దానివెంట అయిదు గేర్ల పెట్టెను అంబాసిడరులోనికి దింపిరి. పిదప ఇసుజు డీజిలు ఇంజను. ఆ మీదట పెట్రోలు ఇంజనునకు కార్బొరేటరు తొలగించి, ఒక్కొక్క సిలిండరు వాకిటను విడివిడిగా పెట్రోలు చిమ్ము ఎం.పి.ఎఫ్.ఐ. ఏర్పాటు. ఈ మార్పులన్నింటిలోను కర్మాగారమువారు చేసిన పని యేమి? పాత బాడీలో కొత్త ఇంజను నమర్చుటయే కదా. వారు రూపొందించిన మౌంటింగులు, వారు ఎంచిన గేరుపెట్టె, వారు నిర్ణయించిన రేడియేటరు, ఇవన్నియు నేటికిని పాత సామానుల అంగళ్లలో లభించుచున్నవి. ఇంటిలో ఇంజను మార్చుకొనదలచిన అంబాసిడరు యజమాని కొత్త విచిత్రమేదియు కల్పింప బూనుటలేదు; తయారుచేసినవారే ఒకనాడు ఆమోదించి, పరీక్షింపించి, రోడ్డుమీదికి విడిచిన జోడింపును, వారు విడిచిన కొలతలతోనే, ముందుపుట్టిన బండికి గూడ కలిగింపగోరుచున్నాడు.

అయినను చట్టదృష్టిలో ఈ రెండు పనులును ఒకటి గావు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, 2000లో సవరింపబడిన రూపమున, తయారీదారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నముగా ఆర్.సి.లోని వివరములు మారునట్లు యజమాని తన వాహనమును మార్పరాదని శాసించుచున్నది. అదే సెక్షనులో గ్యాసు, బ్యాటరీ మొదలగు వేఱు ఇంధనములకు మారుటకై ఆమోదిత కిట్టును అమర్చుకొనుటకు ద్వారము తెఱచియున్నది. పదికి తక్కువ కాని రవాణా వాహనములు గలవారు అదే తయారీ, అదే రకము ఇంజనుతో మార్చుకొనుటకు రాష్ట్రప్రభుత్వములు అనుమతింపవచ్చునన్న యేర్పాటును 2019 సవరణకు ముందు ఉండెను. ఇసుజు ఇంజను అదే కంపెనీది గాని అదే రకము కాదు. పెట్రోలునుండి పెట్రోలునకే మార్పు గనుక ఇంధనపు కిట్టు నిబంధనయు వర్తింపదు. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము జయచంద్ర కేసులో, తయారీదారు నిర్దేశమునకు విరుద్ధమగు మార్పును రాష్ట్ర నియమముల యండతో సమర్థింపరాదని స్పష్టపఱచినది. ఆ యేడే వచ్చిన సవరణ చట్టపు 182ఎ సెక్షను, అనుమతి లేని మార్పొక్కింటికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆఱు నెలలకు మించని కారాగారము గాని, రెండును గాని విధించుచున్నది. ఒకే కారు, ఒకే ఇంజను. కర్మాగారపు గోడలలో కలిపినచో ఉత్పత్తి, ఇంటి ఆవరణలో కలిపినచో అపరాధము. ఆ గోడకు అర్థమున్నదని నేనెఱుగుదును; కర్మాగారమున పరీక్ష యున్నది, ఇంట లేదు. అట్లయిన, లేని పరీక్షను కల్పించుటయే న్యాయము గాని, పనినే నిషేధించుట న్యాయమెట్లగును?

పాత ఇంజనునే బాగుచేయించుకొని తృప్తిపడరాదా యని మీరడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. బి.ఎం.సి. ఇంజను బహుగట్టిది, బోరింగు చేయించి, పిస్టన్లు మార్చి, క్రాంకు సానపట్టించి దానిని మరల మరల నిలబెట్టిన మేస్త్రీల పనితనమునకు చేతులెత్తి నమస్కరింపవచ్చును. కాని ఆ ఇంజను పుట్టిన కాలమున పెట్రోలులో సీసము కలిసియుండెడిది. ఆ సీసపు బూడిద వాల్వునకును దాని పీటకును నడుమ మెత్తని పొరయై పీటను కాపాడెడిది. 2000 ఫిబ్రవరినుండి దేశమంతటను సీసరహితమైన పెట్రోలే లభించుచున్నది. ప్రజల ఊపిరితిత్తులకు, శిశువుల మెదళ్లకు అది మహోపకారము. దానిని నేను తప్పుపట్టను. అయితే పోతయినుపు హెడ్డులోనే నేరుగా తొలిచిన వాల్వుపీటలు, దీర్ఘప్రయాణములందు వేడెక్కినప్పుడు, ఆ పొర లేక క్రమముగా అరిగి లోనికి దిగిపోవుచున్నవి. ఇసుజు ఇంజను హెడ్డు అల్యూమినియముది. మెత్తని లోహము గనుక దానిలో గట్టిలోహపు పీటలను విడిగా బిగింపక తప్పదు, అందుచేత ఈ బాధ దానికి సోకదు. ఇపుడు పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. పాత కార్బొరేటరులోని గ్యాస్కెట్లు, పంపులోని పొర, రబ్బరు గొట్టములు ఆ మిశ్రమమును సహించుటకై చేయబడినవి కావు. అవి ఉబ్బి, పగిలి, కారును. ఇంధనమును మార్చినది ప్రభుత్వము. మారిన ఇంధనమునకు తగినట్లు బండిని సరిదిద్దుకొనుటకు యజమానికి దారి చూపవలసిన బాధ్యతయు ప్రభుత్వమునదే యని నా మనవి.

ఇంజను మార్పిడి యనగా నేమో, అది ఇంటిలో నేరీతి జరుగునో, ఎచ్చట ప్రమాదము పొంచియుండునో మీకును, మీ అధికారులకును విశదముగా తెలిసినగాని తగిన నియమము రూపొందదు. ఇంజనును పైకెత్తుట చూచువారికి మహాకార్యముగా తోచును. కాని ఇనుపగొట్టముల ముక్కాలి, చైను పుల్లీ, తొందరపడని యిద్దఱు మనుష్యులు ఉన్నచో అది యొక పూట పని. జాకీ నొక్కదానినే నమ్మి బండిక్రిందికి దూరరాదనియు, పని మొదలుపెట్టుటకు ముందే బ్యాటరీ తీగ విప్పి పెట్రోలు తొట్టిని ఖాళీ చేయవలెననియు షెడ్డులోని పసివానికి గూడ తెలిసియుండవలెను. అసలు కష్టము ఇంజను దిగిన తరువాత ఆరంభమగును. అంబాసిడరునకు లారీకి వలె వేఱుగా ఛాసిస్ లేదు, ఒడలే ఛాసిస్. ఇంజనును మోయు ముందుభాగపు పట్టెలు, నేలరేకు, గేరుపెట్టెను కప్పు సొరంగము, అన్నియు కలిసి ఒక పెట్టెవలె బలమును పంచుకొనును. కనుక స్టీరింగు క్రిందనుండు గేరు కడ్డీని తీసి, కొత్త గేరుపెట్టె కడ్డీకై నేలరేకులో రంధ్రము కోయునపుడు, ఆ రంధ్రపు అంచులను మడిచి, చుట్టును రేకుపట్టీతో బలపఱుపవలెను. ఇంజను నూనెతొట్టి స్టీరింగు ర్యాకునకు తగులునని ముందుపట్టెను కొంత కోసివేయువారిని చూచితిని; అది పాపమనియే చెప్పుదును. ఆ పట్టెపైననే ముందుచక్రముల టార్షన్ బార్ల భారము పడును. కర్మాగారమువారు తరువాతి బండ్లకు వాడిన మౌంటింగులను, తొట్టిని వెదకి తెచ్చుకొన్నచో కోయవలసిన పనియే లేదు.

ప్రొపెల్లరు షాఫ్టు సంగతి మఱింత సూక్ష్మమైనది. గేరుపెట్టె పొడవు వేఱు గనుక షాఫ్టును లేతు మీద కుదించి, తూకము సరిచూపించుకొనవలసియుండును. అది ఆటోనగరులో ఏ లేతు మేస్త్రియైనను చేసిపెట్టును. ఆ మేస్త్రి చేయజాలని పని ఒకటి గలదు. షాఫ్టునకు రెండు చివరలను క్రాసులుండును. గేరుపెట్టెనుండి వెలువడు ఇరుసు, వెనుక డిఫరెన్షియలులోనికి పోవు ఇరుసు, ఇవి రెండును ఒకదానికొకటి సమాంతరముగా నున్నప్పుడే మొదటి క్రాసు కలిగించు వేగపు హెచ్చుతగ్గులను రెండవ క్రాసు రద్దుచేయును. ఇంజనును కొంచెము ఎత్తుగానో, కొంచెము వాల్చియో కూర్చుండబెట్టినచో, షాఫ్టు ప్రతి చుట్టులోను రెండుమారులు వేగము హెచ్చి తగ్గి, డెబ్బది, ఎనుబది కిలోమీటర్ల వేగమున బండి నేలంతయు కంపించును. క్రాసులు త్వరగా అరిగిపోవును. దీనిని కనిపెట్టుటకు గొప్ప యంత్రములు అక్కఱలేదు. కోణమానిని యొకటి చాలును. కాని షెడ్డులో సాయంత్రమునకు బండి అప్పగింపవలసిన మేస్త్రికి ఆ తీరిక యుండదు. ఇంటి పనికి తొందర లేదు. తప్పినచో మౌంటింగు క్రింద రేకు నొకదానిని చేర్చి మరల కొలుచుకొనవచ్చును. మఱునాడు వచ్చి ఇంకొకమాఱు కొలుచుకొనవచ్చును. ఇంటి పని యెపుడును నాసిరకమనియు, షెడ్డు పనియే ప్రమాణమనియు తలచువారు ఈ విషయమును ఆలోచింప వేడుకొనుచున్నాను.

ఇంజను కన్న ముందు చూచుకొనవలసినవి బ్రేకులు. పాత ఇంజను బలము ఏబది గుర్రములకు అటునిటుగా నుండగా, అంబాసిడరులో అమర్చిన ఇసుజు ఇంజను 75 గుర్రముల బలము గలది. బలము హెచ్చినపుడు వేగము హెచ్చును. వేగము ఎనుబదినుండి నూఱునకు పెరిగినచో బ్రేకులు మింగవలసిన శక్తి నూటికి ఏబదియాఱు వంతులు పెరుగును, ఏలన ఆ శక్తి వేగపు వర్గమును బట్టి యుండును. నాలుగు చక్రములకును డ్రమ్ములే యుండి, ఒక్క గొట్టపు మాస్టర్ సిలిండరుతో నడుచు పాత యేర్పాటు, ఎచ్చట కారినను మొత్తము బ్రేకు పోవునట్టిది, ఈ ఇంజనుతో కలిసి రోడ్డుమీదికి పోదగదు. తరువాతి కాలపు అంబాసిడర్లలో వచ్చిన ముందు డిస్కులు, బూస్టరు, రెండు విభాగముల మాస్టర్ సిలిండరు అమర్చుకొనిన పిమ్మటనే ఇంజను దింపవలెనని నేను నిష్కర్షగా చెప్పుదును. ఇది చెప్పుటకు నాకు చట్టము అక్కఱలేదు. కాని అందఱును వినుటకు చట్టము కావలెను. నేటి నిషేధము వలన జరుగుచున్నదేమి? మార్పిడి ఆగుటలేదు. రహస్యముగా జరుగుచున్నది. రహస్యముగా జరుగు పనిలో బ్రేకులను చూచువాడు లేడు.

పెట్రోలు గొట్టముల విషయమును ఇటువంటిదే. కార్బొరేటరునకు పెట్రోలు నందించు పాత పంపు కలిగించు ఒత్తిడి అత్యల్పము, ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజనునకు కావలసినది దానికి పది రెట్లకు తక్కువ కాదు. పాత రబ్బరు గొట్టమునకే క్లిప్పు బిగించి కొత్త పంపును కలిపినచో, ఆ గొట్టము వేడి సైలెన్సరు గొట్టముమీద పగులు దినము ఎంతో దూరము లేదు. ఒత్తిడికి తాళు గొట్టములు, తొట్టికి తిరిగిపోవు మఱొక దారి, ఢీకొన్నప్పుడు పంపు నాపు స్విచ్చి, ప్రతి తీగకును ఫ్యూజు, డైనమో స్థానమున ఆల్టర్నేటరు, ఇవి విలాసములు కావు. వీనిని చూచి, సరిగా నున్నవో లేవో చెప్పగల కన్ను ఒకటి ఇంటి బయటనుండి రావలెను. ఆ కన్ను మీ శాఖది కావలెననియే నా కోరిక.

ఇక మీ అధికారులు సహజముగా లేవనెత్తు సందేహములున్నవి. మొదటిది దొంగతనము: దొంగిలించిన కారు ఇంజను నంబరు ఈ దారిలో శుద్ధియగునేమో యని. ఈ భయము నిజమైనది, నేను తేలికగా తీసిపాఱవేయను. కాని 2021లో మీరే నమోదిత తుక్కు కేంద్రములను ఏర్పాటు చేసితిరి. అచ్చట రద్దయిన వాహనము వివరములన్నియు ప్రభుత్వపు రికార్డులలో నుండును. ఇంజను ఏ బండినుండి వచ్చినదో, ఆ బండి ఆర్.సి. ఎపుడు రద్దయినదో చూపు పత్రము లేని ఇంజనును అంగీకరింపనక్కఱలేదు. చట్టబద్ధమైన మార్గము లేనపుడే దొంగ సరకునకు గిరాకి యని గూడ గమనింప ప్రార్థన. బీమా మాట చెప్పనేల? నమోదు కాని మార్పు గల బండికి ప్రమాదము జరిగినపుడు, యజమానియే గాక దారినపోవు నిరపరాధియు నష్టపరిహారమునకై కచ్చేరీలచుట్టు తిరుగవలసివచ్చును.

కాలుష్యము విషయమున నా వాదము మఱింత బలమైనదని నమ్ముచున్నాను. ఇపుడు మీ నియమముల ప్రకారము భారత్ స్టేజి 2 కన్న ముందరి నాలుగు చక్రముల పెట్రోలు బండికి, నిలిచియున్న ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు 3 శాతము వఱకు, హైడ్రోకార్బనులు 1,500 పి.పి.ఎం. వఱకు అనుమతింపబడుచున్నవి. స్టేజి 2, 3 బండ్లకు ఆ పరిమితులు 0.5 శాతము, 750 పి.పి.ఎం. మాత్రమే. ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజనును దాని కెటలిటిక్ కన్వర్టరు, ఆక్సిజను సెన్సారులతో సహా పాత అంబాసిడరులో అమర్చిన యజమానిని, బండి పుట్టినయేటి పరిమితితో గాక ఇంజను పుట్టినయేటి పరిమితితో పరీక్షింపుడు. ఆ కఠినతరమైన పరీక్షకు మేము సంతోషముగా ఒప్పుకొందుము. కార్బన్ మోనాక్సైడు పరిమితి ఆఱింట ఒకవంతునకు తగ్గుచుండగా, గాలి బాగుకొఱకు పనిచేయు ప్రభుత్వమునకు దీనిలో నష్టమేమియు కానరాదు.

ఇది నా స్వకపోలకల్పితము కాదు. వాహనకాలుష్యము విషయమున ప్రపంచమునకే మార్గదర్శియని పేరొందిన కాలిఫోర్నియా రాష్ట్రమున, ఇంజను మార్పిడి నిషిద్ధము కాదు. కొత్తగా పెట్టు ఇంజను బండి పుట్టిన సంవత్సరమునకు చెందినదో, అంతకన్న తరువాతిదో అయియుండవలెను, దానికి చెందిన కాలుష్యనివారణ సామగ్రియంతయు దానివెంట రావలెను, ప్రత్యేకముగా నియమితులైన పరీక్షకులు చూచి ఆమోదింపవలెను. పాత బండిలోనికి కొత్త ఇంజను పోవచ్చును, కొత్త బండిలోనికి పాత ఇంజను పోరాదు. ఎంత సరళమైన సూత్రము! ఆస్ట్రేలియాలో బండి బరువునుబట్టి ఎంత పెద్ద ఇంజను పెట్టవచ్చునో పరిమితి నేర్పఱచి, మార్పునకు తగినట్లు బ్రేకులను గూడ చూడుమని జాతీయ మార్గదర్శిక నొకదానిని ప్రకటించినారు. జర్మనీలో ఒక్కొక్క బండిని విడిగా పరీక్షించి పత్రములలో మార్పు నెక్కించు పద్ధతి చిరకాలముగా నున్నది. బ్రిటనులో ఇంజను మార్చిన యజమాని ఆ సంగతిని తెలిపి పత్రములు సవరింపించుకొనును. వారి వీధులు మన వీధులకన్న ప్రమాదకరములైనవని ఎవరును చెప్పరు.

కనుక నేను కోరునది పార్లమెంటులో కొత్త చట్టము కాదు. 52వ సెక్షను మొదటి ఉపవిభాగమునకు చేర్చిన మినహాయింపులలో, ఒక ప్రత్యేక ప్రయోజనము కొఱకు వేఱువిధమైన మార్పును కేంద్రప్రభుత్వము అనుమతింపవచ్చునని మీ శాఖకు అధికారము ఈయబడియేయున్నది. ఆ యధికారముతో ఒక ప్రకటన వెలువరింపుడని ప్రార్థించుచున్నాను. తయారీదారే ఒకానొక కాలమున ఒక మోడలు బాడీలో ఏ ఇంజనును అమర్చి ఆమోదము పొందెనో, ఆ ఇంజనును అదే మోడలుకు చెందిన ముందుకాలపు బండిలో అమర్చుటకు అనుమతి నీయుడు. అంతకు మించి ప్రస్తుతము నేనేమియు అడుగను. దీనివలన లాభపడునది అంబాసిడరొక్కటియే కాదు. ఒకే యాకారమును దీర్ఘకాలము నిలిపి ఇంజనులను మాత్రము మార్చుచు వచ్చిన జీపులకును ఇది వర్తించును. పని మొదలిడుటకు ముందే యజమాని దరఖాస్తు పెట్టుకొని, ఇంజను వచ్చిన బండి పత్రములను చూపవలెను. పని ముగిసినపిదప, జిల్లాలలో మీరిపుడు నెలకొల్పుచున్న యంత్రపరీక్షా కేంద్రములలో బ్రేకులను రోలర్లమీద పరీక్షించి, పొగను కొలిచి, ఆ పిమ్మట మా ప్రాంతమున జనులు బ్రేక్ ఇన్‌స్పెక్టరని పిలుచు తనిఖీ అధికారి బండిని గుంటమీద నిలిపి, క్రిందికి దిగి, వెల్డింగును, పెట్రోలు గొట్టములను, స్టీరింగునకు నూనెతొట్టికి నడుమ ఖాళీని తన కన్నులతో చూడవలెను. తప్పున్నచో సరిదిద్దుకొని మరల రమ్మని వ్రాసియీయవలెను, ఒప్పయినచో ఆర్.సి.లో కొత్త ఇంజను నంబరు, సి.సి. ఎక్కింపవలెను. ఫీజు ఎంతయైనను న్యాయముగా నుండనిండు. 2022లో పదునైదేండ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుమును 600నుండి 5,000 రూపాయలకు పెంచితిరి, చెల్లించితిమి. ఈ పరీక్షకును చెల్లింతుము.

ఒక విషయమున మాత్రము అపార్థము కలుగకుండుటకై స్పష్టముగా చెప్పుచున్నాను. 2021లో మీరు తెచ్చిన వింటేజి నియమములను నేను మనసార సమర్థించుచున్నాను. ఏబదియేండ్లు దాటి, బాడీయు ఇంజనును మార్పు లేక నిలిచిన బండ్లకు వి.ఎ. అను అక్షరములతో ప్రత్యేకమైన నంబరు నిచ్చి కాపాడుట మంచిపని. అట్టి బండి యొకటి ఎవరి యింటనైనను చెక్కుచెదరక యున్నచో, దానిలో ఇసుజు ఇంజను దింపవలదని ఆ యజమాని కాళ్లువేళ్లు పట్టుకొని యైనను బతిమాలుదును. కాని వింటేజి బండి ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకొనుటకు, మరమ్మతులకు తప్ప నిత్యవ్యవహారమునకు తిరుగరాదు. ఇంజను మూడుమాఱులు బోరింగు చూచి, రంగు నాలుగుమాఱులు మారి, పెండ్లిండ్లకు, ఆసుపత్రులకు, తిరుపతి యాత్రలకు కుటుంబముల మోసిన సామాన్యపు అంబాసిడరునకు ఆ గౌరవమును దక్కదు, ఇంజను మార్చినచో రోడ్డు హక్కును దక్కదు. దానిని తయారుచేసిన కర్మాగారము 2014లో మూతపడినది. అంబాసిడరను పేరును గూడ 2017లో ఫ్రెంచి కంపెనీ పెజో కొనుక్కొన్నది. తయారీదారు అనుమతి తెమ్మన్నచో యజమాని ఎవరి వాకిట నిలువవలెను? అందుచేతనే ఆ అనుమతి నిచ్చు బాధ్యత ప్రభుత్వము వహింపవలెనని అడుగుచున్నాను.

మీ శాఖవారు నియమము వ్రాయుటకు ముందు ఒక బండిని ఆమూలాగ్రము పరీక్షింపదలచినచో, నా యంబాసిడరును, ఇంజనును, గీసియుంచిన కొలతల పటములను పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చి అసోసియేషను వారికైనను, మీరు చెప్పిన మఱి యే పరీక్షాలయమునకైనను నా ఖర్చుతోనే పంపుదును. అనుమతి పత్రము చేతికందిన దినముననే పని ఆరంభింతును; ముందు బ్రేకులు, తరువాత ఇంజను.

ఇట్లు,
విధేయుడు,
విజయవాడ వాస్తవ్యుడగు ఒక అంబాసిడరు యజమాని